ఎనిమిదోసారి చెప్పినప్పుడు

ఈ పనిలో దిగిన మొదటి ఏడాది జనం "పాపం" అనేవాళ్ళు. రెండో ఏడాది "ఇంకానా!" అన్నారు. మూడో ఏడాది వచ్చేసరికి, బట్టల మూట మా గుమ్మంలో దించి చేతులు దులుపుకుంటూ, "ఇంకా ఉన్నారా వాళ్ళు?" అని అడగడం మొదలుపెట్టారు.

"ఉన్నారండీ," అనేదాన్ని. పోస్టాఫీసు కౌంటరు వెనక ముప్పై ఏళ్ళు కూర్చున్నదాన్ని. ఎవరేమడిగినా మొహంలో ఏమీ కనపడనివ్వకుండా జవాబు చెప్పడం నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య.

మాది శరణార్థులకు సాయం చేసే సంస్థ. సంస్థ అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. నేను, వ్యాను నడిపే మా మరిది, వీలున్నప్పుడు వచ్చి వీలుకానప్పుడు ఫోను చేసే ఇద్దరు రిటైరైన టీచర్లు. మా ఆయన ప్రూఫురీడరుగా పనిచేసిన ప్రెస్సు మూతపడితే, దాని మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయని యజమాని మాకు వదిలేశాడు. మెట్లు ఇరుకు. జనం ఇచ్చిన ప్రతి మూటనీ పైకి మోయాలి, విప్పాలి, ఏరాలి, మళ్ళీ కట్టి కిందికి మోయాలి. "వదినా, మనం సంపాదించుకుంటున్నది పుణ్యమో మోకాలి నొప్పులో ఆ పైవాడికే తెలియాలి," అనేవాడు మా మరిది, నాలుగు మెట్లకోసారి ఆగి.

ఏరే బల్ల మీద మూడు గుట్టలుండేవి. ఒకటి వెంటనే పనికొచ్చేవి, ఇంకోటి ఉతికి బాగుచేస్తే పనికొచ్చేవి. మూడోదానికి మా మరిది "మహానుభావుల గుట్ట" అని పేరు పెట్టాడు. ఒంటి చెప్పులు, జిప్పు పోయిన సూటుకేసులు, ఎవరో పరుగుపందెంలో గెలుచుకున్న కప్పు, గడువు దాటిన దగ్గుమందు. ఒకసారైతే సగం సగం వాడేసిన లిప్‌స్టిక్కులు డబ్బా నిండా వచ్చాయి. రోజూ సాయంత్రానికి అన్నిటికన్నా ఎత్తుగా లేచేది ఆ గుట్టే.

వారానికి రెండుసార్లు సరుకు వేసుకుని ఊరి చివర పాత బస్సు డిపోకి వెళ్ళేవాళ్ళం. సరిహద్దు దాటి వచ్చిన అరవై కుటుంబాలు అక్కడ తలదాచుకున్నాయి. బస్సులు నిలిపే ఒక్కో గడిలో ఒక్కో కుటుంబం, గడికీ గడికీ మధ్య దుప్పటి తెర. నేల మీద ఇంకా నూనె మరకలున్నాయి. గోడల మీద గడి నంబర్లు అలాగే ఉన్నాయి. మీ ఇల్లెక్కడ అని అడిగితే పిల్లలు "పదిహేడో నంబరు" అని చెప్పేవాళ్ళు. సరిహద్దుకి అటూ ఇటూ మాట్లాడేది ఒకటే భాష, యాసలో కాస్త తేడా. అందుకని మాట్లాడుకోవడానికి ఇబ్బంది లేదు. అర్థం కాలేదని తప్పించుకోవడానికీ వీల్లేదు.

ఆ వేసవి చివర్లో వచ్చిన గాలిదుమారానికి డిపో కప్పు రేకులు సగానికి సగం లేచిపోయాయి. వానలకి నెల కూడా లేదు. కొత్త రేకులు వేయించే తాహతు మాకు లేదు. ఉన్నా, డిపో మాది కాదు గనక అనుమతి లేదు. గడికొక టార్పాలిన్ పైన కట్టుకుంటే ఈ వానాకాలం ఎలాగో గట్టెక్కొచ్చు. కానీ అరవై టార్పాలిన్లు ఎవరిస్తారు? అడగాల్సిన వాళ్ళందర్నీ అప్పటికే రెండేసి సార్లు అడిగేశాం. మొహమాటానికి ఇచ్చేవాళ్ళు కూడా మమ్మల్ని చూసి వీధి అవతలి వైపుకి మారుతున్నారు.

మాకు మిగిలిన ఆధారం దర్జీ ఒక్కతే.

డిపోలో ఆమెను అందరూ దర్జీ అనే పిలిచేవాళ్ళు. ముప్పై దాటి ఉండదు. సన్నగా, ఎప్పుడూ దేనికో కొలత తీస్తున్నట్టు చూసే కళ్ళు. ఇద్దరు ఆడపిల్లలతో వచ్చింది. ఇద్దరికీ ఏడేళ్ళే. ఒకతి ఆమె కూతురు, ఇంకొకతి ఆమె అక్క కూతురు. ఏ పిల్ల ఎవరి పిల్లో మాత్రం చెప్పేది కాదు. "ఇద్దరూ నా పిల్లలే," అని అక్కడితో ఆపేసేది.

అంతకు ముందు చలికాలంలో ఒకరోజు మహిళా సంఘం సమావేశానికి ఊరికే తోడుగా ఆమెనూ పిల్లల్నీ తీసుకెళ్ళాను. అక్కడెవరో "నువ్వెలా వచ్చావమ్మా?" అని అడిగారు. ఆమె చెప్పింది.

పదకొండు రోజులు నడిచారట, ఆమె, ఆమె అక్క, పిల్లలిద్దరూ. ఆమెకు కుట్టుపని నేర్పింది ఆ అక్కే. నాలుగో రోజుకి అక్క కాలు వాచి చెప్పులో పట్టడం మానేసింది. రోడ్డు పక్కన ఒక కల్వర్టు గోడ మీద కూర్చుని, "పిల్లల్ని తీసుకుని నువ్వు నడువు. వాపు తగ్గాక నిదానంగా నేనొస్తా," అంది. వెనకనుంచి కాల్పుల చప్పుడు దగ్గరవుతోంది. ఈమె నడిచింది. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, అక్క చెయ్యెత్తి, పో పో అన్నట్టు ఊపింది. అదే ఆఖరు చూపు. రెండేళ్ళయింది.

ఆమె చెప్పడం ముగించింది. తర్వాత ఒకావిడ లేచి బయటికెళ్ళి ముక్కు చీదుకుని వచ్చింది. ఆ సాయంత్రం వాళ్ళిచ్చిన సామానుకి వ్యానులో చోటు చాల్లేదు. దర్జీ ఇద్దరు పిల్లల్నీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని వచ్చింది.

ఇక ఆ తర్వాత ఏ సభ జరిగినా ఆమెను తీసుకెళ్ళాను. టీచర్ల సంఘం, కాలేజీ, రెండు అపార్టుమెంట్ల సంఘాలు, ఆసుపత్రి నర్సులు. వెళ్ళిన చోటల్లా అదే కల్వర్టు, అదే చెయ్యి. ఆమె ఎప్పుడూ కాదనలేదు. "ఎప్పుడక్కా?" అని మాత్రం అడిగేది. మేం తెచ్చిన మూటల్లో దొరికిన పెద్ద మగకోటు ఒకదాన్ని ఆమె విప్పి, కత్తిరించి, తన ఒంటికి సరిగ్గా సరిపోయేలా కుట్టుకుంది. షాపులో కొన్నట్టే ఉంది. దాన్ని వేసుకుని సభకి బయల్దేరితే నేను, "అది వద్దులే చెల్లెమ్మా, ఆ పాత శాలువా కప్పుకో," అన్నాను. ఆమె కోటు విప్పి మడిచి పెట్టి, శాలువా కప్పుకుంది. ఎందుకని అడగలేదు. అడగకపోవడం నాకప్పుడు సౌకర్యంగానే ఉంది.

ఏడోసారి ఒక ఫ్యాక్టరీ క్యాంటీనులో. షిఫ్టు మారే వేళ. సగంమంది నిలబడే ఉన్నారు, సగంమంది గడియారం చూస్తున్నారు, వెనక ఎవరో ప్లేట్లు కడుగుతున్నారు. నేనెప్పుడూ వెనకాల, తలుపు దగ్గర నిలబడతాను. ఎవరు లేచి వెళ్ళిపోతున్నారో, ఎవరు జేబులో చెయ్యి పెడుతున్నారో అక్కణ్నుంచి కనిపిస్తుంది. ఆ ప్లేట్ల చప్పుడుకి కంగారుపడిందో ఏమో, దర్జీ గబగబా చెప్పుకుపోతోంది. కల్వర్టు దగ్గరికి వచ్చేసింది. ఇంత తొందరగా చెప్పేస్తే జనానికి పట్టదే అనిపించింది నాకు. నేను తలుపు దగ్గర నుంచే చెయ్యెత్తి, నెమ్మదిగా అని సైగ చేశాను.

ఆమె చూసింది, ఒక్క క్షణం ఆగింది, తర్వాత నేను చెప్పినట్టే నెమ్మదిగా చెప్పింది. కళ్ళు తుడుచుకునేవాళ్ళు తుడుచుకున్నారు. ప్లేట్లు కడిగే మనిషి కూడా కుళాయి కట్టేశాడు.

తిరుగుదారిలో వ్యాను ముందు సీటులో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. ఆ వ్యానుని మా మరిది "అత్తగారు" అంటాడు, చీటికీ మాటికీ అలుగుతుందని. ఆ రోజు కూడా రెండుసార్లు అలిగి ఆగింది. రెండోసారి ఆగినప్పుడు దర్జీ అడిగింది:

"ఈసారి బాగా చెప్పానా అక్కా?"

వెటకారమేమీ లేదు. కుట్టిన జాకెట్టు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది.

"బాగా చెప్పావమ్మా," అన్నాను.

"ఆ చోట మాత్రం చెయ్యెత్తకండి," అంది కిటికీలోంచి బయటికి చూస్తూ. "మా అక్క కూడా అలాగే ఎత్తింది. నాకు ఒక్క క్షణం ఎక్కడున్నానో తెలియలేదు."

మా మరిది తాళం చెవి తిప్పడం ఆపేశాడు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన కంచం ముందు నుంచి లేవకుండా అంతా విని, "ఇన్నాళ్ళూ దాన్ని ఆమె కథ, ఆమె కథ అంటున్నావు. అదీ చిక్కు," అన్నారు. "కథ అనేసరికి ఎవరైనా దిద్దొచ్చనిపిస్తుంది. నేను నలభై ఏళ్ళు దిద్దినవాణ్ణి, నాకు తెలుసు."

ఆ మాట నన్ను వారం రోజులు తొలిచింది. ఇక ఆమెను ఏ సభకీ తీసుకెళ్ళనని అనుకున్నాను. అనుకోవడంలో ఎంతో కొంత హాయి కూడా ఉంది, అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తర్వాతి సభ వర్తకుల సంఘం హాల్లో. ఆ సంఘం అధ్యక్షుడు రంగుల వ్యాపారి. అరవై టార్పాలిన్లూ వాళ్ళే ఇచ్చే అవకాశం ఉందని ముందే అన్నాడు. సభకి రెండు రోజుల ముందు ఫోను చేశాడు.

"ఆవిడ వస్తోంది కదా మేడమ్? మా ఆవిడ కూడా వస్తానంది. రెండు రుమాళ్ళు తెచ్చుకుంటుందట," అని నవ్వాడు.

"ఈసారి నేనే మాట్లాడతానండీ," అన్నాను. అవతల నవ్వు ఆగింది.

సభకి రానక్కర్లేదని మా మరిదితో దర్జీకి కబురు పంపాను. ఏమంది అని అడిగితే, "ఏమీ అనలేదు వదినా. సూదిలో దారం ఎక్కిస్తోంది, ఎక్కిస్తూనే ఉంది," అన్నాడు.

సభలో నేను మాట్లాడాను. ఎన్ని రేకులు లేచిపోయాయో చెప్పాను, గడి పొడవూ వెడల్పూ చెప్పాను, వానకి ఎటువైపు నుంచి జల్లు కొడుతుందో చెప్పాను. తాళ్ళు ఎంత మందం ఉండాలో కూడా చెప్పాను. పోస్టాఫీసులో పార్సిలు నియమాలు వివరించినట్టే ఉండి ఉంటుంది. పది నిమిషాలకి వెనక వరసలో ఆవలింతలు మొదలయ్యాయి. రంగుల వ్యాపారి భార్య రుమాలు బయటికి తీయనే లేదు. చివర్లో ఆయన నా దగ్గరికి వచ్చి, "అంతా వివరంగా చెప్పారు మేడమ్. మనసుకే పట్టలేదు," అన్నాడు. చెడ్డవాడు కాదు. ఉన్నమాట అన్నాడు. ఇరవై టార్పాలిన్లూ, వాటితోపాటు అమ్ముడుపోని రంగు డబ్బాలు ఒక బస్తా నిండా పంపించాడు. డబ్బాలు మహానుభావుల గుట్టలోకి వెళ్ళాయి.

వానలు పది రోజులు ముందే దిగాయి.

ఇరవై టార్పాలిన్లతో డిపోకి వెళ్ళాం. అరవై కుటుంబాలు మా చేతుల వైపు చూస్తున్నాయి. అలాంటప్పుడు పంచేవాడి కన్నా పాపాత్ముడు ఇంకొకడు ఉండడు. చివరికి డిపోలో ఉంటున్నవాళ్ళే కూర్చుని, చంటిపిల్లలూ జబ్బు మనుషులూ ఉన్న గడులకి ముందు అని తేల్చారు. పదిహేడో నంబరుకి రాలేదు. అది దర్జీ గడి. ఆమె పిల్లలిద్దర్నీ పక్క గడిలో పడుకోబెట్టి, తాను, ఎవరో ఇస్తే మేం తెచ్చిపెట్టిన పాత కుట్టుమిషను మీద శాలువా కప్పి దాని పక్కనే కూర్చుంది. నాతో మాట్లాడలేదు. నేనూ పనున్నట్టు వ్యాను దగ్గరే తిరిగాను.

మర్నాడు మధ్యాహ్నం నేను బల్ల దగ్గర బట్టలు ఏరుతుంటే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. దర్జీ. డిపో నుంచి మా గదులకి నడిస్తే గంటన్నర. వానలో నడిచి వచ్చింది. తువ్వాలు ఇస్తే తీసుకుంది గానీ తుడుచుకోలేదు, చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"అక్కా, వర్తకుల సభకి నన్నెందుకు పిలవలేదు?"

"నీకు శ్రమ ఎందుకని..."

"శ్రమ అని నేను చెప్పానా?"

"లేదు." నేను చేతిలో ఉన్న చొక్కా కింద పెట్టాను. "క్యాంటీనులో నేను చేసింది తప్పమ్మా. నీచేత అది మళ్ళీ మళ్ళీ చెప్పించడం నాకే..."

"మీకు సిగ్గేసింది."

"అవును."

"సిగ్గేసింది మీకు. నోరు మూతపడింది నాకు. తడిసింది డిపో అంతా." ఆమె గొంతు పెంచలేదు. అలిసిపోయిన గొంతు, నాదీ అంతే. "చెప్తావా వద్దా అని ఒక్కమాట అడిగారా నన్ను? శాలువా కప్పుకోమన్నారు, కప్పుకున్నా. నెమ్మదిగా అన్నారు, నెమ్మదిగానే చెప్పా. మానెయ్యడం కూడా మీరే తేల్చేశారు."

అడగలేదు. నిజమే. మూడేళ్ళుగా అందర్నీ అన్నీ అడుగుతూనే ఉన్నాను, ఈమెను మాత్రం ఏదీ అడగలేదు.

"నేనెందుకు చెప్తున్నా అనుకున్నారు?" అంది. "దుప్పట్ల కోసమనా?"

"మరి?"

"మొదటిరోజు ఆ సంఘంలో యాభైమంది ఉన్నారు. వాళ్ళకి అన్నదమ్ములుంటారు, మొగుళ్ళుంటారు, వాళ్ళ ఇళ్ళకి వచ్చిపోయే మనుషులుంటారు. ఎంతమంది చెవిన పడితే అంత మంచిది, ఎవరో ఒకరు విని ఉంటారు, కల్వర్టు మీద కూర్చున్న ఒక ఆడమనిషిని చూశామని ఎవరైనా అంటారు, అనుకున్నా. ఏడు చోట్ల చెప్పా. ఏడు చోట్లా ఏడ్చారు. ఏ కల్వర్టమ్మా, ఎక్కడుంది, అని ఒక్కరూ అడగలేదు." కాసేపు ఆగి, "మీరూ అడగలేదు," అంది.

మా మరిది మెట్ల మీద మూటతో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో. మూట దించడం కూడా మర్చిపోయాడు.

"ఎక్కడుంది?" అని అడిగాను. రెండేళ్ళు ఆలస్యంగా.

ఆమె చెప్పింది. ఒక చక్కెర మిల్లు గొట్టం కనిపిస్తుందట. దాటాక పెట్రోలు బంకు, బంకు దాటాక రోడ్డు ఎడమకి తిరుగుతుంది. ఆ మలుపుకి ముందే కల్వర్టు. గోడకి ఒకవైపు తెల్ల సున్నం, రెండోవైపు విరిగిపోయి ఇనుప చువ్వలు పైకి తేలాయి. అక్క కూర్చున్నది తెల్లవైపు. ఇంత వివరం ఏ సభలోనూ చెప్పలేదు. అక్కడ దీనితో ఎవరికీ పని లేకపోయింది.

"నువ్వే చెప్పు, ఎవరి దగ్గర చెప్పాలని ఉంది నీకు?" అన్నాను.

"ఆ రోడ్డున తిరిగేవాళ్ళ దగ్గర."

"లారీవాళ్ళు," అన్నాడు మా మరిది వెనకనుంచి, మూట దభీమని దించి. "రోడ్డు తెరిచి ఆర్నెల్లయింది. సరుకు లారీలు అటు పోయి వస్తున్నాయి వదినా. స్టాండులో నాకు తెలిసినవాళ్ళున్నారు, పాలవ్యాను నడిపిన రోజుల నుంచీ. ఇన్నాళ్ళూ నా బుర్రకి తట్టలేదు చూడు."

తట్టకపోవడానికి కారణం నాకు తెలుసు. లారీ డ్రైవర్లు ఏమిస్తారులే అనుకుని వాళ్ళను నా జాబితాలోనే రాసుకోలేదు.

దర్జీ అప్పుడు తువ్వాలుతో తల తుడుచుకుంది. తుడుచుకుంటూ చెప్పింది, "కోటు వేసుకుంటాను. ఫొటోలు వద్దు. ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపుతాను. మీరు తలుపు దగ్గర కాదు, నా పక్కన కూర్చోవాలి."

"కూర్చుంటాను," అన్నాను.

ఆదివారం లారీ స్టాండుకి వెళ్ళాం. హాలూ లేదు, మైకూ లేదు. రేకుల షెడ్డు కింద పాత టైర్ల మీద పాతికమంది డ్రైవర్లు కూర్చున్నారు. కొందరు బీడీలు కాలుస్తున్నారు, ఒకాయన చెప్పులో దిగిన మేకు పీక్కుంటున్నాడు. నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. దర్జీ కోటు గుండీలు పెట్టుకుని, చెక్కపెట్టె మీద కూర్చుని చెప్పింది. నేను పక్కనే కూర్చున్నాను. ఎదురుగా వింటున్న మొహాలు ఎలా ఉంటాయో మొదటిసారి చూశాను. కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి, మోకాళ్ళ మీద పెట్టుకున్న దర్జీ చేతులు బిగుసుకున్నాయి. ఏడుసార్లు తలుపు దగ్గర నిలబడి ఆ సంగతి చూడనే లేదు. నాకు ఏడుపు రాలేదు.

డ్రైవర్లలో కూడా ఎవరూ ఏడవలేదు. ఆమె ఆపగానే ప్రశ్నలు మొదలయ్యాయి.

"బంకు రోడ్డుకి ఎటువైపమ్మా? మిల్లు వైపా, అవతలి వైపా?"

"మిల్లు వైపే."

"అయితే కొత్త రోడ్డు కాదు, పాత రోడ్డే. అక్కడ రెండు కల్వర్టులున్నాయి. చింతపిక్కల రంగు లారీ ఒకటి కాలిపోయి పడుంటుంది చూడు, దానికి ఇవతలా అవతలా?"

"నేను చూసినప్పుడు లారీ లేదు."

"తర్వాత కాలి ఉంటుంది. మీ అక్క మీద ఏం రంగు బట్టలమ్మా? ఎత్తెంత?"

దర్జీ లేచి నిలబడి తన చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఇంత," అంది. "ముదురు ఆకుపచ్చ. నేనే కుట్టా. ఎడమ చేతికి మూడు కుట్లు, నేను కుట్టినవి కాదు, ఆసుపత్రిలో వేసినవి." ఎవరో నవ్వారు, ఆమె కూడా కొంచెం నవ్వింది. ఒకాయన సిగరెట్టు పెట్టె చింపి దాని మీద రోడ్డు గీశాడు. ఆమె దానిమీద కల్వర్టు ఎక్కడో చుక్క పెట్టింది. తల నెరిసిన పెద్ద డ్రైవరు ఒకాయన ఆ అట్టముక్క జేబులో పెట్టుకుని, "ఎల్లుండి నేను అటే పోతున్నా," అన్నాడు. "దొరుకుతుందని చెప్పను. ఆగి అడుగుతాను. అంతే నా చేతిలో ఉన్నది."

"అది చాలు," అంది దర్జీ.

మేం లేవబోతుంటే ఆయనే అడిగాడు, "మీరుండేది రేకులు లేచిపోయిన ఆ డిపోలోనా? వానకెలా మరి?"

మా మరిది టార్పాలిన్ల సంగతి చెప్పాడు. డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"టార్పాలిన్లా?" అన్నాడు పెద్ద డ్రైవరు. "లారీవాడి దగ్గర ఇంకేముంటుందయ్యా? షెడ్డు వెనక్కి రండి."

షెడ్డు వెనక పాత లారీ టార్పాలిన్లు దిబ్బలా పడున్నాయి. ఎండకి వెలిసిపోయినవి, తాళ్ళ రాపిడికి చిరిగినవి, ఒక్కోటి రెండు గడులకి సరిపోయేంత పెద్దవి. "చిరుగులున్నాయి. కుట్టుకోవాలి," అన్నాడాయన. దర్జీ ఒకదాని అంచు పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసింది. అవతలి వైపు ఆకాశం చిల్లులుగా కనిపించింది.

"మిషను మీద రాదు. దబ్బనం కావాలి," అంది. "పురికొస కూడా."

ఇచ్చారు. నాలుగు దబ్బనాలు, పురికొస ఉండలు, ఎత్తడానికి ఆరుగురు మనుషులు. అత్తగారు ఆ బరువుకి అలగకుండా డిపో దాకా వచ్చింది, అదొక వింత.

పన్నెండు రోజులు కుట్టాం. దర్జీ నేర్పితే డిపోలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ కుట్టారు, టీచర్లిద్దరూ వచ్చి కుట్టారు, మా ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, చిరుగులెక్కడున్నాయో సుద్దముక్కతో గుర్తులు పెట్టారు. అచ్చుతప్పులు పట్టినట్టే ఒక్కటి కూడా వదల్లేదు. దబ్బనం పోటుకి నా బొటనవేలు వాచింది. నడుము సంగతి చెప్పను. తడిసిన టార్పాలిన్ వాసన ఒకటి ఉంటుంది, అది ఇంటికొచ్చి స్నానం చేసినా ముక్కులోంచి పోదు. మధ్యలో రెండుసార్లు పెద్ద వాన పడింది. కట్టినవి నిలిచాయి, ఒక మూల మాత్రం కారింది. అది నేను కుట్టిన మూల. దర్జీ దాన్ని విప్పి మళ్ళీ కుట్టింది.

పెద్ద డ్రైవరు తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది. నేరుగా డిపోకే వచ్చాడు. ఆ వేళ నేనూ అక్కడే ఉన్నాను, సబ్బులు పంచుతూ. దర్జీ ఆయనకు తన స్టూలు వేసి, తాను నేల మీద కూర్చుంది.

"కల్వర్టు ఉందమ్మా," అన్నాడు. "నువ్వు చెప్పినట్టే, ఒకవైపు సున్నం. మనుషులెవరూ లేరు. బంకులో అడిగితే, పాతవాళ్ళెవరూ లేరు, అందరూ కొత్తవాళ్ళు. మిల్లు దగ్గర టీ కాచే ముసలాయన ఒకడు మాత్రం చెప్పాడు. ఆ రోజుల్లో నడవలేనివాళ్ళని ఒక ట్రాక్టరు వచ్చి ఎక్కించుకుపోయేదట. రెండు మూడుసార్లు వచ్చిందట. ఎక్కడికి తీసుకెళ్ళిందో ఆయనకి తెలీదు. ఉత్తరం వైపు పోయిందన్నాడు."

"ఆడవాళ్ళని కూడా ఎక్కించుకున్నారా?"

"అడిగాను. ఎక్కించుకున్నారన్నాడు. మీ అక్క ఉందో లేదో ఆయన చెప్పలేడు కదా, నేనూ చెప్పలేను."

దర్జీ తల వంచుకుని చాలాసేపు కూర్చుంది. అటు పక్క గడిలో పిల్లలు దేనికో పోట్లాడుకుంటున్నారు. నేను సబ్బుల పెట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఏదో ఒకటి అనాలనిపించింది, ఓదార్పుగా. ఏదైనా అంటే అది నాకోసమే అవుతుందనిపించి ఊరుకున్నాను.

"టీ తాగుతారా అన్నా?" అని ఆమె ఆయన్ని అడిగింది చివరికి. ఆయన వద్దంటున్నా లేచి స్టవ్వు వెలిగించింది. నీళ్ళు మరుగుతుండగా, "ఉత్తరం వైపు రోడ్డున మీరు పోరా?" అంది.

"నేను పోనమ్మా. అటు పోయేవి సిమెంటు లారీలు. వాళ్ళ స్టాండు వేరే, నది అవతల."

ఆమె నా వైపు తిరిగింది. ఏమీ అడగలేదు. ఈసారి అడగాల్సింది నేను.

"అక్కడ కూడా చెప్తావా చెల్లెమ్మా?"

"చెప్తా. ట్రాక్టరు సంగతి కూడా కలిపి చెప్పాలి ఇప్పుడు," అంది గ్లాసులో టీ పోస్తూ.

పెద్ద డ్రైవరు దగ్గర సిమెంటు స్టాండు ఫోను నంబరు తీసుకుని, టార్పాలిన్ మీద చినుకుల చప్పుడుకి వినపడక డిపో గేటు దాకా నడిచి, ఫోను చేశాను. చాలాసేపు మోగింది. ఎవరో ఎత్తి, విసుగ్గా, ఎవరు మాట్లాడేది అన్నారు. ఎవరమో, డిపోలో ఎవరి కోసం చేస్తున్నామో చెప్పాను.

"ఇంకా ఉన్నారా వాళ్ళు?" అన్నాడు అవతలి మనిషి.

"ఉన్నారండీ," అన్నాను. "ఆదివారం మీ డ్రైవర్లు ఎన్ని గంటలకి తీరిగ్గా ఉంటారు?"